దుమ్ము రేపేది హీరోనా, డ్రైవరా?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో గూడూరు నుంచి ఒకటి వుంది. గూడూరు అనగానే నెల్లూరు వైపు రైలు జంక్షన్ గుర్తుకొస్తుంది చాలామందికి. అది కాదు. ఇది కర్నూలుకు పడమర, కోడుమూరు పక్కన వుండే గూడూరు. రాసిన కుర్రాడు డిగ్రీ చదువుతున్నాడు. ఉత్తరం ఇలా వుంది:

"అన్నా! మా మామ కొత్త కారు కొన్నాడు. మొన్న వానకు పొలందారిలో దిగబడింది. ఎక్సలేటర్ ఎంత తొక్కినా ఇంజను మూలుగుతా వుందే గాని కారు లేవదు. మీటర్ల కాడ కారు జారుతున్నట్టు పసుపు బొమ్మ ఒకటి టపటపా కొట్టుకుంటా వుంది. ఆఖరికి ట్రాక్టర్ వచ్చి లాగింది. షోరూం వాళ్ళను అడిగితే అది ట్రాక్షన్ కంట్రోల్, కారు జారకుండా అదే చూసుకుంటుంది అన్నారంట. మరి అదుండీ ఎందుకు దిగబడింది? ఇంకో మాట. సినిమాల్లో సుమోలు మట్టిలో అడ్డంగా జారుకుంటా పోతాయి గదా! వాటికి ఈ కంట్రోల్ లేనట్టేనా? ఇప్పుడు అన్ని కార్లకూ అది వస్తే ఇంక డూపు డ్రైవర్ ఎందుకు, హీరోనే తోలుకోవచ్చు గదా?"

శభాష్ తమ్ముడూ! ఒక్క కార్డు ముక్కలో మూడు ప్రశ్నలు దట్టించావు. హీరోయిన్ ఇష్టమైన రంగేమిటి, హీరోగారి వాచీ ఖరీదెంత అని అడిగేవాళ్ళ మధ్య ఇలాంటి ఉత్తరం వస్తే నాకు పండగే. ఈ వారం పేజీ అంతా నీకే రాసిచ్చేస్తున్నాను. వాచీ ఖరీదు అడిగినవాళ్ళు కాస్త ఆగండి.

ముందు మామగారి కారు సంగతి.

ఇంజను బలం రెండు చక్రాలకూ చేరే దారిలో డిఫరెన్షియల్ అని ఒక గేర్ల డబ్బా వుంటుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలి చక్రం తక్కువ. ఆ తేడాను సర్దిపెట్టడం దాని వుద్యోగం. మంచి వుద్యోగే, కాని ఒక దుర్గుణం వుంది. బలాన్ని ఎప్పుడూ సమానంగా పంచుతుంది. ఎడమ చక్రం బురదలో, కుడి చక్రం గట్టి నేల మీద వున్నాయనుకోండి. బురదలోది పట్టు లేక ఊరికే తిరుగుతుంది. దానికి ఎంత బలం సరిపోతుందో, గట్టి నేల మీద వున్నదానికీ అంతే ఇస్తుంది. లాగగలిగినవాడి చేతికి లాగే పని ఇవ్వదన్నమాట!

ఈ దుర్గుణానికి విరుగుడే ట్రాక్షన్ కంట్రోల్. ప్రతి చక్రం దగ్గరా వేగం కొలిచే సెన్సర్ ఒకటి వుంటుంది. ఏబీఎస్ బ్రేకుల కోసం పెట్టిందే. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కార్లకు ఏబీఎస్ తప్పనిసరి అయింది గనక ఆ సెన్సర్లు ఎలాగూ వుంటాయి. ఒక చక్రం మిగతావాటికన్నా వేగంగా తిరిగిపోతోందని కంప్యూటర్ కనిపెట్టగానే రెండు పనులు చేస్తుంది. ఆ చక్రానికి మాత్రం బ్రేకు అదుముతుంది, దాంతో బలం రెండో చక్రానికి పోతుంది. అప్పటికీ జారితే ఇంజను గొంతు నొక్కేస్తుంది.

తడిసిన తారు రోడ్డు మీద ఇది దేవుడిచ్చిన తమ్ముడే. కాని మామగారి కారు దిగబడింది నల్లరేగడిలో! ఆదోని, ఎమ్మిగనూరు పొలాల్లో ఆ మట్టి సంగతి నేను చెప్పక్కర్లేదు. వాన పడితే చెప్పుకు అంటుకుని కాలు రెండు కేజీలు బరువెక్కుతుంది. టైరు గాళ్ళలో ఆ మట్టి నిండితే టైరు నున్నగా గుమ్మడికాయలా తయారవుతుంది. అప్పుడు లాగే చక్రాలు రెండూ జారతాయి. కంప్యూటర్ ఏం చేస్తుంది? రెండూ జారుతున్నాయి కదా అని ఇంజను బలం కోసేస్తుంది. మామగారు ఎక్సలేటర్ తొక్కుతుంటాడు, అది వెనక నుంచి ఆయన కాలు పట్టుకుని లాగుతుంటుంది. పాత కార్లలో పెడల్‌కీ ఇంజనుకీ మధ్య ఒక తీగె వుండేది. మీరు తొక్కితే తొక్కినట్టే. ఇప్పటి కార్లలో పెడల్ తొక్కడం అంటే అర్జీ పెట్టుకోవడం! మంజూరు చేసేది, చెయ్యనిది కంప్యూటర్‌గారి దయ.

అందుకే బురదలో, ఇసుకలో దిగబడితే ట్రాక్షన్ కంట్రోల్ ఆపి చూడండి అని కార్ల కంపెనీలే పుస్తకంలో రాస్తాయి. దానికో బటన్ వుంటుంది, అదే జారుతున్న కారు బొమ్మతో. కారుతో పాటు ఇచ్చే ఆ పుస్తకాన్ని మన వాళ్ళు ప్లాస్టిక్ కవర్ కూడా విప్పకుండా డ్యాష్ బోర్డు అరలో పెట్టి, దాని మీద దేవుడి కుంకుమ పొట్లం పెడతారు. మామగారికి చెప్పు, కుంకుమ పొట్లం పక్కకు జరిపి ఒకసారి చదవమని.

ఇక ఆ కారును లాగిన ట్రాక్టర్ మాట.

పోయిన వానాకాలం పత్తి మార్కెట్ మీద ఒక పత్రికకు వ్యాసం రాద్దామని ఆదోని వెళ్ళాను. (సినిమా రాతలతోనే పొట్ట గడవదు మరి!) ఎమ్మిగనూరు దారిలో టీ బంకు దగ్గర ఒక ట్రాక్టర్ డ్రైవర్‌తో మాట కలిసింది. యాభై దాటిన మనిషి. బురదలో ట్రాక్టర్ ఎట్లా తోలతావని అడిగితే టీ గ్లాసు పక్కన పెట్టి నన్ను ఎక్కించుకుని చూపించాడు. ట్రాక్టర్‌కు వెనక చక్రాల బ్రేకు పెడళ్ళు రెండు. కుడిదానికి ఒకటి, ఎడమదానికి ఒకటి. రోడ్డెక్కితే రెండూ కలిపి కొక్కెం వేస్తారు, పొలంలో విడదీస్తారు. "కుడి చక్రం ఊరికే తిరగతా వుందనుకో సార్, కుడి బ్రేకు రవ్వంత అదమాల. ఎడమది పట్టుకుంటాది. అప్పటికీ లేయకుంటే ఇదో, ఈ మడమ కాడ వుండే దాన్ని తొక్కితే రెండు చక్రాలూ ఒగటైపోతాయి" అన్నాడు. మడమ దగ్గరుండేది డిఫరెన్షియల్ లాక్.

నాకు అప్పుడు వెలిగింది! ఎన్నో లక్షల కారులో కంప్యూటర్ చేసే పనిని ఈయన చెప్పుల్లేని కాలితో చేస్తున్నాడు. ట్రాక్షన్ కంట్రోల్ అంటే ట్రాక్టర్ డ్రైవర్ పాదాన్ని డబ్బాలో పెట్టి అమ్మడమే.

అయితే ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. "చక్రం తిరిగితే తప్పు లేదు సార్. మట్టిని చిమ్మతా వుందా, తవ్వతా వుందా అనేది చూడాల." చిమ్ముతుంటే మంచిదే. టైరు గాళ్ళలో మట్టి రాలిపోయి కింద గట్టి నేల తగులుతుంది. తవ్వుతుంటే మాత్రం కాలు తీసెయ్యాలి, లేకపోతే ఇరుసుదాకా దిగబడుతుంది. డబ్బాలో పెట్టలేకపోయింది ఈ రెండో తెలివినే. డబ్బాకు చక్రం తిరుగుతోందని తెలుస్తుంది. చిమ్ముతోందో, తవ్వుతోందో కళ్ళతో చూసి, సీటు కింద అదురు తెలుసుకుని చెప్పేది మనిషే. ఈమధ్య కొన్ని ఖరీదైన బండ్లకు బురద, ఇసుక అని వేరువేరు మీటలు పెడుతున్నారు నిజమే. కాని ముందున్నది బురదో ఇసుకో చూసి ఆ మీట తిప్పాల్సింది మళ్ళీ డ్రైవరే!

ఇప్పుడు రేసుల దగ్గరికి వద్దాం. మట్టి ట్రాక్ పందేలకు పుట్టిల్లు అమెరికా. గుండ్రటి మట్టి బాట, ఎప్పుడూ ఎడమ మలుపే. స్ప్రింట్ కారని ఒకటుంది. నెత్తిన పెద్ద రేకు రెక్క, బరువు డ్రైవర్‌తో కలిపి సుమారు 635 కేజీలు, ఇంజను బలం సుమారు 900 గుర్రాలు! మన మారుతి 800కు మొదట్లో వున్నది నలభైకి లోపే. ఆ స్ప్రింట్ కారుకు స్టార్టర్ లేదు, వెనక నుంచి ఇంకో బండి నెట్టాలి. గేర్ బాక్సు లేదు, డిఫరెన్షియల్ కూడా లేదు. వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి వుంటాయి. కుడి టైరు ఎడమ టైరుకన్నా పెద్దది, అందుకని బండి తనంతట తనే ఎడమకు మొగ్గుతుంది.

అంత బలాన్ని మట్టి మీద పెడితే వెనక చక్రాలు జారక ఏం చేస్తాయి? జారాలి! జారడమే అక్కడ మలుపు తిరిగే పద్ధతి. ఎక్సలేటర్ తొక్కి వెనక భాగాన్ని బయటికి తోసి, బండి మూతి లోపలికి తిరగగానే స్టీరింగ్‌ను ఎదురువైపు, అంటే కుడికి తిప్పి పట్టుకుని, అట్లా అడ్డంగా జారుకుంటూ ఎడమ మలుపు దాటేస్తారు. 2006లో వచ్చిన 'కార్స్' బొమ్మల సినిమా చూశారా? అందులో తారు రోడ్డు మీద పొగరుగా తిరిగే కుర్ర కారుకు ముసలి కారు డాక్ హడ్సన్ ఎడారి మట్టిలో ఈ విద్యనే నేర్పుతుంది. ఆ ముసలి కారుకు గొంతు ఇచ్చింది పాల్ న్యూమన్. ఆయన వుత్త నటుడు కాదు. 1979లో ఫ్రాన్సులో 24 గంటల లెమాన్స్ రేసులో ఆయన జట్టు కారు రెండో స్థానంలో వచ్చింది. అలాంటివాడు ఆ పాఠం చెబితే వినబుద్ధేస్తుంది.

తారు మీద టైరు కొంచెం, ఓ పది పదిహేను శాతం జారితే పట్టు బాగా వుంటుంది. అది దాటితే పట్టు పడిపోతుంది. వదులు మట్టి మీద అంతకన్నా చాలా ఎక్కువ జారినా పట్టు వుంటుంది. టైరు పైనున్న పొడి మట్టిని గీరేసి కింది గట్టి పొరను పట్టుకుంటుంది గనక. ఆ లెక్క చుట్టు చుట్టుకీ మారుతుంది. మొదట నీళ్ళు చల్లిన తడి, పోనుపోను ఎండి నున్నటి గచ్చు. గొప్ప డ్రైవర్ నేల రంగు చూసి ఎక్కడ పట్టుందో చెబుతాడు.

అందుకే అక్కడి పెద్ద పోటీల్లో ట్రాక్షన్ కంట్రోల్ నిషేధం. వున్నా దొంగతనంగానే వుండాలి. చక్రాల సెన్సర్లు పెడితే దొరికిపోతారని, ఇంజను చుట్లు వున్నట్టుండి పెరిగితే పసిగట్టి నిప్పురవ్వను కొద్దిగా ఆపే చిన్న పెట్టెలు తయారుచేశారు. జేబులో పట్టేంత వస్తువు. వైర్ల మధ్య దాచేస్తే కనిపెట్టడం కష్టం. మెకానిక్కులు ఇంజను చప్పుడు విని, మలుపులో అది నత్తినత్తిగా పలికిందని అనుమానపడి గొడవలకు దిగుతారు. మన ఊళ్ళల్లో కోడిపందేల దగ్గర గొడవల్లాంటివే!

మోటారుసైకిళ్ళ మట్టి పందెం ఇంకా విచిత్రం. స్పీడ్ వే బైకులకు బ్రేకులే వుండవు. 500 సీసీ, ఒకటే గేరు, నాలుగు చుట్లు. జారుతూ తిరగడమే బ్రేకు. 1971లో వచ్చిన 'ఆన్ ఎనీ సండే' అనే డాక్యుమెంటరీ ఇలాంటి మట్టి వీరుల మీదే. అందులో స్టీవ్ మెక్వీన్ కూడా కనిపిస్తాడు. ఆ మట్టిలో పెరిగిన కెన్నీ రాబర్ట్స్ యూరప్ వెళ్ళి 1978, 79, 80 మూడేళ్ళు వరసగా 500 సీసీ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. వెనక చక్రం జార్చి మలుపు తిరగడం చూసి అక్కడివాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. ఇవాళ మోటోజీపీ బైకుల్లో ట్రాక్షన్ కంట్రోల్ వుంది. అయినా వాలెంటినో రోసీ ఇటలీలో తన సొంతూరి దగ్గర మట్టి ట్రాక్ వేసుకుని, కుర్రాళ్ళను తీసుకెళ్ళి సాధన చేయించాడు. మార్క్ మార్కెజ్ కూడా మట్టిలోనే సాధన చేస్తాడు. 2014 డిసెంబరులో బార్సెలోనా మట్టి పందెం గెలిచాడు కూడా. కంప్యూటర్ వున్న బండి నడపడానికి కంప్యూటర్ లేని బండి మీద కాలు సాపు చేసుకుంటున్నారన్నమాట. నీ ప్రశ్నకు ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి తమ్ముడూ?

మనవాడు నారాయణ్ కార్తికేయన్ సంగతి కూడా చెప్పాలి. కోయంబత్తూరు కుర్రాడు. తెలుగు మాట్లాడే కుటుంబాలు బోలెడున్న ఊరది, మన దేశపు మోటారు పందేలకు పుట్టిల్లు కూడా. తండ్రి ర్యాలీ డ్రైవర్. 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లో దిగిన మొదటి భారతీయుడయ్యాడు. అప్పుడు ఆ కార్లలో ట్రాక్షన్ కంట్రోల్ వుంది. 2008 నుంచి నిషేధించారు. ఆయన 2011, 2012లో మళ్ళీ దిగినప్పుడు అది లేదు. రెండు కాలాలూ చూసిన కాలు ఆయనది.

ఇంత దూరం పోనక్కర్లేదనుకోండి. మన సీమలో వందల ఏళ్ళ మట్టి ట్రాక్ ఒకటుంది - బండలాగుడు! టన్నుల బండ, జత ఎద్దులు, గడియారం పెట్టిన సమయం, ఎవరు ఎక్కువ దూరం లాగితే వాళ్ళది గెలుపు. గిట్ట జారితే ఎద్దు మోకాళ్ళ మీద పడుతుంది. తోలేవాడు నోటి కేకతోనే జతను ఒకేసారి కదిలిస్తాడు. ఒకటి ముందు, ఒకటి వెనక కదిలితే బండ అంగుళం కదలదు. చెర్నాకోల ఎక్కువ వాడేవాడు నాకు నచ్చడు. నా లెక్కలో అది అరగంట మూలిగే ఇంజనును ఇంకా తొక్కడం లాంటిదే.

సరే! ఇప్పుడు సినిమా.

నేను మూడో నాలుగో తరగతిలో వున్నప్పుడు 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చింది. తరవాత 'నరసింహనాయుడు', 'ఇంద్ర', 'ఆది'. మా ఊరి కుర్రాళ్ళం పప్పుచెక్కల పొట్లం చేతిలో మరిచిపోయి చూసిన సీన్లన్నిటిలోనూ సుమోలే. టాటా సుమో 1994లో వచ్చింది. ఆ పేరు జపాన్ మల్లయోధుడిది అనుకునేవాళ్ళం. కాదు, టెల్కో ఛైర్మన్‌గా పనిచేసిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరులో మొదటి అక్షరాలు అవి. సినిమావాళ్ళు దాన్ని ఎందుకు పట్టుకున్నారో తెలుసా? పదిమంది మనుషులు, పదిహేను కొడవళ్ళు పడతాయి, అది ఒక కారణం. అసలు కారణం వెనక చక్రాలతో నడిచే బండి కావడం. వదులు మట్టిలో ఎక్సలేటర్ కొడితే తోక బయటికి వస్తుంది, దుమ్ము లేస్తుంది, తెర నిండిపోతుంది. కాలికీ చక్రానికీ మధ్య కాదనే కంప్యూటర్ ఏదీ లేదు. అంతకుముందు సినిమాల్లో విలన్లు ఎక్కిన అంబాసిడర్, ఫియట్, జీపు అన్నీ వెనక చక్రాల బండ్లే. మారుతి 800 ముందు చక్రాలతో లాగే కారు. ఎక్సలేటర్ కొడితే దాని తోక రాదు, హ్యాండ్ బ్రేకు లాగి తిప్పాలి.

ఇప్పటి పెద్ద ఎస్.యు.వి.లతో స్టంటు డ్రైవర్లకు చిక్కే. బండి జారబోతే చాలు కంప్యూటర్ సర్దేస్తుంది. చూసేవాళ్ళకు బండి బుద్ధిగా బడికి పోతున్నట్టు వుంటుంది! అందుకని షూటింగుకు ముందు ఆ కంట్రోళ్ళన్నీ ఆపేస్తారు. కొన్నిట్లో బటన్ నొక్కినా పూర్తిగా ఆగదు, మెకానిక్ లోపలికి చెయ్యి పెట్టాల్సిందే. బటన్‌తో పనిచేసే పార్కింగ్ బ్రేకు వున్న కార్లకు చేత్తో లాగే హైడ్రాలిక్ బ్రేకు విడిగా బిగిస్తారు. లక్షలు పోసి కొన్న తెలివిని ముందు తీసేసి, ఆపైన మనిషి తెలివితో పని మొదలుపెట్టడం! నిజానికి తెర మీద నూటఇరవై అనిపించే వేగం చాలాసార్లు యాభై కూడా వుండదు. కెమెరాను నేలకు ఆనించి పెట్టి, ఫ్రేములు తగ్గించి తీస్తారు. కాని యాభైలోనే బండిని అడ్డంగా తిప్పి, కెమెరా పెట్టెకు జానెడు దూరంలో ఆపడం చూసి చెప్పండి, అది ఎవరైనా చేసేదేనా అని.

హీరోలు అసలు నడపరా అంటే నడిపేవాళ్ళూ వున్నారు. సికింద్రాబాదులో పుట్టి, 1993లో 'ప్రేమ పుస్తకం'తో మన తెలుగు తెర మీద హీరోగా కనిపించిన అజిత్ కుమార్ 2010లో ఫార్ములా టూ దాకా వెళ్ళాడు. 2025 జనవరిలో దుబాయ్ 24 గంటల రేసులో ఆయన జట్టు తన తరగతిలో మూడోది. 'విడాముయర్చి' షూటింగులో ఆయన నడుపుతున్న బండి పల్టీ కొట్టిన వీడియో 2024 ఏప్రిల్‌లో బయటికొచ్చింది. అదీ, ఏళ్ళ తరబడి ట్రాకుల మీద నడిపిన మనిషి చేతిలో! మామూలు హీరోగారికి స్టీరింగ్ ఇచ్చి నడపమంటే నిర్మాత గుండె ఆగుతుంది. స్టీవ్ మెక్వీన్ అంతటి మోనగాడికే 1963లో 'ది గ్రేట్ ఎస్కేప్'లో కంచె మీదుగా బైకు దూకించింది బడ్ ఎకిన్స్. ఎడారి మట్టిలో బైకు పందేలు నడిపిన మనిషాయన. చప్పట్లు ఎవరికి పడ్డాయో మీకు తెలుసు.

చప్పట్ల సంగతి అట్లా వుంచండి. 2025 జూలై 13న తమిళనాడు నాగపట్నం జిల్లాలో పా.రంజిత్ సినిమా షూటింగులో, ఎస్.యు.వి. ర్యాంపు ఎక్కి పల్టీ కొట్టే షాట్ చేస్తూ స్టంట్ మాస్టర్ ఎస్.ఎం.రాజు చనిపోయారు. కెమెరాలు తిరుగుతూనే వున్నాయి. ఆ వీడియో ఫోన్లలో తిరిగింది. దయచేసి ఇంకొకరికి పంపకండి. ఆయన పేరు ఎంతమందికి అంతకుముందు తెలుసు? అనుభవం లేని మనిషి కాదు, అలాంటి షాట్లు ఎన్నో చేసినవాడు. బండి గాల్లోకి లేచాక ఏ చక్రానికీ పట్టు లేదు, ఏ కంప్యూటరూ చేసేది లేదు. నేల మీద వున్నంతసేపే కాలి పనితనం. ఆపైన అన్నీ ముందే కట్టిన ఇనుప పంజరం, బెల్టు, ర్యాంపు కొలత... వాటి మీద నిర్మాత పెట్టే ఖర్చు. హీరోగారి కారవాన్‌కి అయ్యే ఖర్చుతో పోల్చి చూడమని అడగాలని వుంది. అడిగితే నన్ను రేపటినుంచి సెట్లోకి రానివ్వరు. సరే, అడిగేశాను!

కాస్త మంచి కబురు కూడా వుంది. మన జాతీయ అవార్డుల్లో స్టంటులకు ఇప్పుడు వేరే బహుమతి వుంది. 2021 సంవత్సరానికి అది 'ఆర్.ఆర్.ఆర్.' సినిమాకు కింగ్ సాల్మన్‌కు వచ్చింది. ఆస్కార్‌లో కూడా స్టంట్ డిజైన్‌కు అవార్డు పెడుతున్నట్టు 2025 ఏప్రిల్‌లో ప్రకటించారు. 2027లో విడుదలయ్యే సినిమాల నుంచి లెక్క, మొదటి బహుమతి 2028 వుత్సవంలో. ఆ ప్రకటనతో పెట్టిన బొమ్మల్లో 'ఆర్.ఆర్.ఆర్.' దృశ్యం కూడా ఒకటి. అయినా ఈ బహుమతులు మాస్టర్లకే. స్టీరింగ్ పట్టిన డ్రైవర్ దాకా రావడానికి ఇంకెన్నేళ్ళో.

మరొక్క మాట, బైకు కుర్రాళ్ళకు. 125 సీసీ పైబడ్డ బండ్లకు 2019 నుంచి ఏబీఎస్ వుంది. మట్టి మీద గట్టిగా బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుని ముందు మట్టిని గుట్టలా పోగేసి ఆపుతుంది. ఏబీఎస్ చక్రాన్ని బిగుసుకోనివ్వదు గనక మట్టిలో ఆగే దూరం కొంచెం పెరుగుతుంది. అందుకే 2020లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్‌కు వెనక చక్రం ఏబీఎస్ ఆపే స్విచ్ ఇచ్చారు. వెనకదానికి మాత్రమే! ముందుదానికి ఇవ్వలేదు. ముందు చక్రం మట్టిలో బిగుసుకుంటే మనిషి నేల మీద వుంటాడని తయారుచేసినవాళ్ళకు తెలుసు. సెకండ్ షో చూసి, తల్లో ఛేజింగ్ సీను తిరుగుతుండగా కోడుమూరు రోడ్డు మీద ఇంటికి పోయేటప్పుడు ఆ స్విచ్ జోలికి వెళ్ళకండి. ట్రాక్ మీద మళ్ళీ అదే మలుపు వస్తుంది, ఎదురుగా ఎవరూ రారు. మన రోడ్డు మీద మలుపు తిరిగితే పత్తి బస్తాల లారీ వుంటుంది, లైట్లు లేని ఎద్దులబండి వుంటుంది.

తమ్ముడూ, సుమోలకు ఆ కంట్రోల్ లేదా అని అడిగావు. ఆ రోజుల సుమోలకు లేదు. సుమో కూడా 2019లో ఆగిపోయింది. హీరోనే తోలుకోవచ్చు కదా అన్నావు. తోలితే నిక్షేపంగా తోలొచ్చు, తారు రోడ్డు మీద, పాట సీనులో, పక్కన హీరోయిన్‌ను కూర్చోబెట్టుకుని.

ఇప్పుడు నా వంతు. కర్నూలు, ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఎన్నో షూటింగులు జరిగాయి. కొండారెడ్డి బురుజు దగ్గర మొదలుపెట్టి పొలం గట్లదాకా కెమెరా తిరగని చోటు లేదు. ఆ షూటింగుల్లో సుమోనో జీపో నడిపినవాళ్ళు, బండి అద్దెకిచ్చి తామే స్టీరింగ్ పట్టినవాళ్ళు మీ ఊళ్ళో ఎవరైనా వుంటే నాకు రాయండి. సినిమా పేరు, ఏ సీనో, బండి ఎక్కడ జారిందో రాస్తే చాలు. వాళ్ళకు ఇష్టమైతే వాళ్ళ మాటల్లోనే ఈ పేజీలో వేద్దాం. హీరోగారి వాచీ ఖరీదు ఆ తరవాత వారం.